ఊరగాయ కలిపే కదిరమ్మ

ఏప్రిల్ నెల వచ్చిందంటే కదిరమ్మ వాకిట్లోకి మనుషులు రావడం మొదలయ్యేది. ఆమె మేకలకు కుడితి పోస్తుంటే ఒకరు, కట్టెలు విరుస్తుంటే ఇంకొకరు.

"అక్కా, ఆదివారం మా ఇంటికి రావాల. మామిడికాయలు దిగుతాండాయి."

"ఆదివారం రామాంజులోళ్లకు మాటిచ్చినా. సోమవారం వస్తాలే పో."

రాప్తాడు దాటి, రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే వచ్చే ఊరు అది. నూటిరవై ఇళ్లుంటాయి. అందులో నలభై ఇళ్ల ఊరగాయ కదిరమ్మ చేత్తో కలిపితేనే జాడీలోకి పోయేది. ఆమె కలిపితే రెండేళ్లయినా ముక్క మెత్తబడదని పేరు. అంతకుముందు ఆ పేరు ఆమె అత్తకు ఉండేది. అత్త పోయాక ఈమెకు వచ్చింది.

ఊరగాయేమిటి, దానికింత మర్యాదేమిటి అనుకోవద్దు. వాన మొహం చాటేసిన ఏట వేరుశనగ బుడ్డల చేను ఎండిపోతే, కూరాకు అనేదే కంటికి కనిపించదు. అప్పుడు ఇంటిని గడిపేది ఆ జాడీయే. సంగటి ముద్దకు నడుమ గుంట చేసి, ఇంత ఊరగాయ పెట్టుకుంటే పూట వెళ్లిపోతుంది. జాడీ చెడిందంటే ఏడాది పొడుగునా ఇబ్బందే. అందుకే ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో పెట్టరు.

ఆ పనికి ఒక ఆచారం ఉంది. ముక్కలు కలిపి జాడీకెత్తాక, బేసిను అడుగున కారమూ నూనే మిగిలి ఉంటాయి కదా. అందులో వేడి అన్నం వేసి కలిపి, తొలి ముద్ద కలిపిన మనిషికే పెట్టాలి. కలిపిన మనిషి ముద్ద తినకుండా గడప దాటితే జాడీకి బూజు పడుతుందంటారు. కదిరమ్మ ఏనాడూ తినకుండా దాటలేదు. ఆ ముద్ద రుచే వేరు మరి. ఎర్రగా, నూనె కారుతూ, ముక్కులోంచి నీళ్లొచ్చేటట్టు ఉంటుంది. కదిరమ్మకు పెళ్లి భోజనం కన్నా అదే ఎక్కువ.

తొంభై ఏడులో ఆమె కాలికి చేలో తుమ్మ ముల్లు గుచ్చుకుంది. రెండు నెలలైనా మానలేదు. మొగుడు గురప్ప అనంతపురం తీసుకుపోయి చూపిస్తే డాక్టరు రక్తం పరీక్ష రాసిచ్చి, షుగర్ ఉందన్నాడు. మాత్రలిచ్చి, తీపి మానెయ్యమన్నాడు.

కదిరమ్మ మాటంటే మాటే. ఆ రోజు నుంచి బెల్లం గడ్డ ముట్టలేదు. అయితే నాలుకకు ఏదో ఒకటి పడాలి కదా! తీపి పోయిన చోటల్లా ఉప్పును తెచ్చిపెట్టింది. మధ్యాహ్నం ఉప్పేసి ఉడకబెట్టిన బుడ్డలు. పొద్దుగూకితే ఊరమిరపకాయలు. అంబలిలో ఇంత, మజ్జిగలో ఇంత. ఆఖరికి టీలో కూడా చక్కెర బదులు చిటికెడు ఉప్పు వేసుకుంది. ఒకరోజు గురప్ప పొరపాటున ఆ గ్లాసు ఎత్తి తాగాడు.

"థూ! ఇది టీనా, సముద్రమా?"

"సముద్రం నువ్వెప్పుడు సూసినావప్పా?"

"సూడకుంటేనేం? ఉప్పగా ఉంటాదని ఇన్యా. ఇప్పుడు తాగినా."

అట్లా రెండేళ్లు గడిచాయి. షుగర్ కొంచెం దారికి వచ్చింది. కానీ తొంభై తొమ్మిది వానాకాలంలో, బోరింగు దగ్గర బిందె ఎత్తుకోబోయి కదిరమ్మ కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఆ రోజు ఊరికి నర్సు వచ్చే రోజు కావడం మంచిదైంది. నర్సు పేరు కృపాకుమారి. ముప్పై ఏళ్లుంటాయి. నవ్వుతూనే తిట్టగలిగిన మనిషి. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, దించి, మళ్లీ కొట్టింది.

"నూట డెబ్బై, నూట పది. పెద్దమ్మా, నువ్వు మనిషివా, ప్రెషర్ కుక్కరువా?"

"ఎండకు అయ్యుంటాది పాపా."

"మబ్బు పట్టుండాది, ఎండ యాడుండాది? షుగరుకు తోడు బీపీ వచ్చింది నీకు. రెండూ ఒకింట్లో చేరితే ఊరికే ఉండవు. మూత్రపిండాలు, కండ్లు, గుండె... దేన్నీ ఇడిసిపెట్టవు. పక్షవాతం కూడా రావచ్చు."

ఆ చివరి మాట కదిరమ్మకు కొత్త కాదు. కళ్యాణదుర్గంలో ఆమె అక్కకు కుడి చెయ్యీ కాలూ పడిపోయి అప్పటికి మూడేళ్లు. కంచంలో ముద్ద తానుగా కలుపుకోలేదు. చూడ్డానికి పోయినప్పుడల్లా కదిరమ్మ తన కుడి చేతిని కొంగు కింద దాచుకునేది, ఎందుకో ఆమెకే తెలియదు.

డాక్టరు బీపీకి మాత్ర రాశాడు. తిండి సంగతి మాత్రం కృపాకుమారే అరుగు మీద కూర్చుని విడమరచి చెప్పింది.

"రోజంతా కలిపి, ఇంట్లో నీ వంతు ఉప్పు ఒక టీచెంచా దాటకూడదు. సంగటిలో వద్దు, మజ్జిగలో వద్దు. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు బంద్. ఊరగాయ జోలికి పోవద్దు."

"ఇంగ నేనేం తినాల, గడ్డా?"

"గడ్డే. ఆకు కూర ఎంతైనా తిను. పులుపు వేసుకో, తెల్లగడ్డ వేసుకో, నిమ్మకాయ పిండుకో. ఉప్పు లేని లోటు తెలీదు. సంగటి రెండు ముద్దలు తినేదానివి ఒకటి తిను."

"రాగులే గదా పాపా! రాగులైతే ఎంతైనా తినొచ్చంట గదా షుగరోళ్లు."

"ఎవరు చెప్పినారు? రాగి ముద్ద కూడా లోపలికి పోతే చక్కెరే అయితాది. బియ్యం కన్నా నిదానంగా అయితాది, అంతే. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. తిండి మార్చినా కదా అని మాత్ర మానేసినావంటే నాకు కోపం వస్తాది."

మొదటి పదిహేను రోజులు మట్టి తిన్నట్టే ఉంది కదిరమ్మకు. ముద్ద నోట్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ నమిలేది. మునగాకు తాలింపులో తెల్లగడ్డ రెబ్బలు దంచి వేసింది. పప్పులో చింతపండు కొంచెం ఎక్కువ పిసికింది. ఉలవకట్టులో జీలకర్ర, మిరియం వేసింది. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం ముక్క, కొత్తిమీర. నూనె గరిటె చిన్నది కొన్నది. బుడ్డలు ఉప్పు లేకుండా వేయించుకుని గుప్పెడంటే గుప్పెడే తినేది. నెల దాటాక ఒక రోజు సంగటి నోట్లో పెట్టుకుంటే, రాగులకు వాటి రుచి వాటికుందని తెలిసింది. కొంచెం తియ్యగా, కొంచెం మట్టి వాసనగా. యాభై ఏళ్లుగా తింటున్నా ఉప్పు చాటున ఆ రుచి దాగుండిపోయింది.

గురప్ప మాత్రం తన కంచంలో వేరుగా ఉప్పు చల్లుకునేవాడు. "నాకే జబ్బూ లేదు, నన్నేంటికి చంపుతావు?" అనేవాడు. అయినా చలికాలం వచ్చేసరికి ఉప్పు డబ్బా దగ్గరకు చెయ్యి పోవడం తగ్గింది.

జనవరిలో నర్సు చూస్తే నూట నలభై, ఎనభై అయిదు. కృపాకుమారి వీపు తట్టింది. కదిరమ్మకు పదో తరగతి పాసైనంత సంతోషం.

రెండు వేల సంవత్సరం మే నెలలో మళ్లీ చూస్తే నూట ఎనభై, నూట పది.

నర్సు పట్టీ విప్పి మళ్లీ చుట్టింది. మళ్లీ అదే.

"మాత్రలు మింగుతాండావా?"

"మీ ఏసయ్య తోడు, మా కదిరి నరసింహసామి తోడు. ఒక్క పూట మానలే."

"మరి ఉప్పు తింటాండావు."

"తినలే! గురప్పను అడుగు. ఆ నర్సమ్మ నీకేం మందు పెట్టిందో అని ఊరంతా నగుతాండారు."

కృపాకుమారి పెన్ను చెవి మీద పెట్టుకుని ఆలోచించింది.

"నిన్న మధ్యాన్నం యాడుండావు?"

"రామాంజులోళ్ల ఇంట్లో. ఊరగాయ కలపను పోయినా."

"ఆడ తిన్నావా?"

"తినలే. రుచి సూసినా."

"రుచి అంటే ఎంత?"

కదిరమ్మ అరచెయ్యి చాపి చూపించింది. అది నిమ్మకాయంత కాదు, టెంకాయ చిప్పంత.

"అంతేనా?"

"కలిపేటప్పుడు రెండు మూడు ముక్కలు నోట్లో ఏసుకుంటాం గదా, ఉప్పు సూడను. అది లెక్కలోకి వస్తాదా?"

"మొన్న?"

"మొన్న గౌనోళ్ల ఇంట్లో."

"అటుమొన్న?"

కదిరమ్మ వేళ్లు ముడుస్తూ పోయింది. పద్దెనిమిది రోజుల్లో పద్నాలుగు ఇళ్లు. చెప్తూ చెప్తూ ఆమెకే గొంతు తగ్గింది. కృపాకుమారి నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కుర్చీలో వెనక్కి వాలింది.

"పెద్దమ్మా! ఇంట్లో ఉప్పు చెంచాతో కొలిచి తింటావు. ఊళ్లో జాడీల మీద పడి తింటావు. అది తినేది కాదా?"

"రుచి సూసేది తిన్నట్టు ఎట్లయితాది పాపా? ఒక్కపొద్దు ఉన్నోళ్లు కూడా వంట చేసేటప్పుడు నాలుక్కి తగిలించి సూస్తారు. ఒక్కపొద్దు చెడతాదా?"

"దేవుడు ఒప్పుకుంటాడేమో. నెత్తురు ఒప్పుకోదు." నర్సు నవ్వు ఆపేసింది. "ఇంగా ఎన్ని ఇండ్లుండాయి?"

"ఇరవై పైన."

"కలుపు. నోట్లో మాత్రం ఒక్క మెతుకు పెట్టొద్దు. మీ అక్కకు ఏ చెయ్యి పడిపోయిందని చెప్పినావు?"

కదిరమ్మ కుడి చేతిని కొంగు కిందికి లాక్కుంది.

ఇంటికొచ్చి గురప్పకు చెప్పింది. తినకపోతే జాడీ చెడుతుందేమోనని భయం. తింటే చెయ్యే పోతుందేమోనని భయం. జాడీ చెడితే ఇంకెవరూ పిలవరు. చెయ్యి పోతే పిలిచినా పోలేదు. గురప్ప బీడీ ఆరిపోయేదాకా విని, "చెయ్యుంటే ఇంకేమైనా చేసుకోవచ్చు" అన్నాడు. అంతకు మించి ఆయన ఎప్పుడూ మాట్లాడడు.

మరుసటి పిలుపు బయ్యన్న ఇంటి నుంచి. ఊళ్లో పెద్ద సేద్యం ఆయనది. వచ్చే ఏడు సర్పంచికి నిలబడాలని ఊరంతా తిరుగుతూ ఉన్నాడు. ఇంట్లో మనుషులు, పనివాళ్లు, వచ్చీపోయే వాళ్లు అందరికీ సరిపోవాలి కాబట్టి రెండు పెద్ద జాడీలు పెట్టేవాళ్లు. ఆయన పెండ్లాం యశోదమ్మ పని మీద ఎప్పుడూ ముందే ఉండే మనిషి. కదిరమ్మ పోయేసరికి ముక్కలు పడి గిన్నెతో పదహారు పడులు కొలిచి పరిచి ఉన్నాయి. పక్కన బేసిన్లో కారం, ఆవపిండి, మెంతిపిండి, ఉప్పు అన్నీ కలిపేసి ఉన్నాయి.

"పొడులు నేనే కలిపి పెట్టినా అక్కా. నీకు పని తగ్గుతాదని."

"ఉప్పు నాలుగు పడులేనా?"

"ఆఁ. నీ లెక్కే గదా, నాలుగు పడుల ముక్కలకు ఒకటి."

ఏ ఏడైనా కదిరమ్మ చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకుని చూసేది. ఆ రోజు చెయ్యి లేచింది. మళ్లీ దిగింది. చీర కొంగు నడుముకు దోపి కలపడం మొదలుపెట్టింది. కారం దంచడానికి వచ్చిన చిన్నక్క పక్కన కూర్చుని నూనె పోస్తూ ఉంది. యశోదమ్మ నూనె డబ్బా కూడా తొందరగా మూసేసింది. "పైన తేలుతాండాదిలే అక్కా, చాలు" అంది.

జాడీలు నిండాయి. గుడ్డ కట్టారు. యశోదమ్మ బేసిన్లో వేడి అన్నం కుమ్మరించి కలిపి, పెద్ద ముద్ద చేసి చెయ్యి చాపింది.

"ఇదో అక్కా, తొలి ముద్ద."

"వద్దు యశోదమ్మా. నేను తినను."

యశోదమ్మ ముద్దను మళ్లీ బేసిన్లో పెట్టింది.

"ఏమైందక్కా? మా ఇంట్లో నీకేం తక్కువ జరిగింది?"

"తక్కువేం లే. నాకు బీపీ. నర్సమ్మ ఒక్క మెతుకు కూడా వద్దనింది. ఇన్నాళ్లూ నేను రుచి సూస్తాండా అనుకుంటి. అది నన్ను తింటాండాది."

"బీపీ" అన్న మాట వినగానే యశోదమ్మ లోపలి గది వైపు చూసింది. ఎందుకు చూసిందో కదిరమ్మకు అప్పుడు అర్థం కాలేదు.

"ఒక్క మెతుకుకు ఏమవుతాదక్కా? జాడీకి మంచిది కాదు."

"నిన్న ఒక ఇంట్లో ఒక్క మెతుకు, మొన్న ఒక ఇంట్లో ఒక్క మెతుకు. అట్లనే నూట ఎనభై ఎక్కింది. నువ్వేమన్నా అనుకో తల్లీ. చిన్నక్కా, నువ్వు తిను."

చిన్నక్క బెదురుతూ ఆకులో పెట్టించుకుని తిన్నది. "కారం అదిరిందక్కా. ఉప్పు కొంచెం..." అని, యశోదమ్మ మొహం చూసి, "బాగుండాది" అని ముగించింది.

మరుసటి రోజుకే ఊరంతా పాకింది. కొన్ని ఇళ్లవాళ్లు, "పోనీలే అక్కా, నీ పానం ముఖ్యం" అన్నారు. కొందరు ముద్దను ఆకులో చుట్టి ఇంటికి పంపారు, గురప్ప తిన్నాడు. పిలుస్తామన్న నాలుగిళ్లవాళ్లు పిలవలేదు. ఒక ముసలామె మొహం మీదే చెప్పింది: "మీ అత్తకు లేవా జబ్బులు? ముద్ద తినే పోయింది ఆమె."

"పోయింది గదా మరి" అని కదిరమ్మ అనుకుంది కానీ పైకి అనలేదు.

ఏదైనా వానాకాలంలో తెలుస్తుంది. గాలిలో చెమ్మ చేరితే అప్పుడు బయటపడుతుంది జాడీ సంగతి. కదిరమ్మ బీపీ జూన్‌లో నూట యాభైకి దిగింది, జూలైలో ఇంకా దిగింది. మనసులో భయం మాత్రం దిగలేదు. ఎవరింటి ముందు నుంచి పోయినా జాడీ ఉండే మూల వైపే చూపు పోయేది.

ఆగస్టులో ఒక పొద్దున చిన్నక్క పరుగున వచ్చింది.

"అక్కా, యశోదమ్మోళ్ల జాడీలు రెండూ బూజు పట్టినాయి. బోరింగు కాడ అందరూ నీ మాటే అనుకుంటాండారు."

కదిరమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. గురప్ప అడ్డం వచ్చాడు.

"పోవద్దు. పోతే నిన్నే అంటారు."

"పోకున్నా నన్నే అంటారు. నా చెవుల్తో ఇంటే నాకు నయం."

బయ్యన్న ఇంటి వసారాలో జాడీలు బయటికి తెచ్చి పెట్టి ఉన్నాయి. బయ్యన్న మంచం మీద కూర్చుని పేపరు చూస్తూ ఉన్నాడు. కదిరమ్మను చూసి, "రా అక్కా" అన్నాడు కానీ తల ఎత్తలేదు. యశోదమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సూడక్కా. రెండు వందల కాయలు. ఏడాదంతా ఎట్ల గడపాల?"

కదిరమ్మ గుడ్డ తీసి చూసింది. పైన దూది పరిచినట్టు తెల్లగా ఉంది. తేలాల్సిన నూనె ఎక్కడా లేదు. గరిటెతో లోపలి ముక్క ఒకటి పైకి తీసి వేలితో నొక్కింది. పండులా మెత్తగా నలిగింది. తన చేతి ముక్క మూడు నెలలకే అట్లా కాదు. ఆ ఏడు కలిపిన ఇళ్లలో ఇంకెక్కడా కాలేదు కూడా. నర్సు మాట విని ముద్ద మానేశాక కలిపిన ఇళ్లు ఇరవై రెండు. మిగతా ఇరవై ఒక్క ఇంట్లో జాడీలు బాగానే ఉన్నాయి.

"యశోదమ్మా, ఉప్పు ఎన్ని పడులు పోసినావు?"

"నాలుగు."

"నా మొహం సూసి చెప్పు."

యశోదమ్మ చీర అంచు వేలికి చుట్టుకుంది. మంచం మీద పేపరు కదలడం మానేసింది.

"రెండున్నర" అంది యశోదమ్మ. "నూనె కూడా సగమే."

"ఏంటికి?"

"మా ఆయనకు బీపీ అక్కా. షుగర్ కూడా. ఉగాది ముందర అనంతపురంలో తేలింది. డాక్టరు ఉప్పు, నూనె తగ్గించమన్న్యాడు. ఈయనేమో ఊరగాయ లేకుండా ముద్ద మింగడు. అందుకని జాడీలోనే తగ్గిస్తే సరిపోతాది అనుకుంటి. ఎవురికీ చెప్పొద్దన్న్యాడు. సర్పంచికి నిలబడే మనిషి రోగిష్టోడని ఊళ్లో అనుకుంటారంట."

కదిరమ్మ జాడీ పక్కనే కూలబడింది. మొదట ఏడుపు వచ్చినట్టయింది, అది మధ్యలో నవ్వుగా మారింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఓసి నీ బుద్ధి! ఊరగాయను నిలబెట్టేదే ఉప్పు గదే తల్లీ. తగ్గించాల్సింది జాడీలో కాదు, మీ ఆయన కంచంలో. జాడీకి దాని ఉప్పు దానికి పొయ్యాల్సిందే."

బయ్యన్న పేపరు మడిచాడు. "అయితే నా గతేం అక్కా? ఊరగాయ లేకుండా నాకు ముద్ద దిగదు."

"దిగకుంటే ముద్ద చిన్నది చెయ్యి, దిగుతాది. పదిహేను రోజులు ఓర్సుకో. నేనూ గోడను సూస్తా తిన్యా. మునగాకు తాలింపు చేయించుకో. గోంగూర పుల్లగా చేస్తే ఉప్పు అడగదు. మజ్జిగలో ఉప్పు వద్దు. హోటల్లో బజ్జీలు వద్దు, వాటిల్లో ఉప్పూ సోడా రెండూ ఉంటాయి. నువ్వు ఊరు తిరిగేటప్పుడు ఇంటింటికీ తినే మిక్చరు ఉండాది సూడు, అది కూడా తినేదే అప్పా. నేను రుచి సూస్తాండా అనుకున్నట్ల, నువ్వు మర్యాద చేస్తాండారు అనుకుంటాండావు."

"మరి ఊరగాయ?"

"పండక్కో పబ్బానికో ఒక ముక్క. కారం దులిపి."

"ముక్క దులిపితే ఇంగేం మిగుల్తాది?"

"నువ్వు మిగుల్తావు."

యశోదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బయ్యన్న కూడా మీసం చాటున నవ్వాడు. కాసేపటికి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఈ మాట నీ కడుపులో పెట్టుకో. ఎన్నికలు అయ్యేదాకా."

కదిరమ్మ లేచి చీర దులుపుకుంది.

"నేనెవురికీ చెప్పను బయ్యన్నా. నీ జబ్బు నీది. కానీ బోరింగు కాడ అందరూ నా చెయ్యి చెడిందంటాండారు. ముద్ద తినలేదు, జాడీ బూజు పట్టింది అంటాండారు. వచ్చే ఏడు నన్నెవురు పిలుస్తారు? తింటేనే పిలుస్తామంటే నేను తినాల. తింటే మా అక్క మాదిరి మంచం మీద పడాల. అది మాత్రం ఒకసారి ఆలోచన చెయ్యి."

ఆమె మెట్లు దిగుతుండగానే లోపల మాటలు మొదలయ్యాయి.

"చెప్పాల్సిందే" అంటోంది యశోదమ్మ.

"చెప్తే చెప్పు. నా పేరు తీయకుండా చెప్పు."

"నీ పేరు తీయకుండా ఎట్ల చెప్పాల? ఆ ఉప్పు నేనేమన్నా కొట్టంలో ఎనుముల కోసం తగ్గిస్తినా?"

మరుసటి రోజు పొద్దున బోరింగు దగ్గర బిందెల వరుస పొడుగ్గా ఉంది. ఎప్పుడూ పనిమనిషిని పంపే యశోదమ్మ ఆ రోజు తానే బిందె చంకన పెట్టుకుని వచ్చింది. కదిరమ్మ వరుసలో వెనక ఉంది. యశోదమ్మ బిందె దించి, అందరికీ వినిపించేలా చెప్పింది.

"అమ్మల్లారా, మా జాడీ చెడిపోయింది కదిరమ్మక్క వల్ల కాదు. మా ఆయనకు బీపీ, షుగరు ఉండాయి. నేను తెలివి ఎక్కువై ఉప్పు దాచిపెట్టినా. చెయ్యి ఆమెదే, బుద్ధి నాది."

వరుసలో ఉన్నవాళ్లంతా కదిరమ్మ వైపు తిరిగారు. తర్వాత రామాంజులు పెండ్లాం మెల్లగా, "మా ఇంట్లో కూడా ఉండాది బీపీ, ఆయనకు" అంది. "మా అత్తకు ఉండాది" అని ఇంకొకామె. "నాకే ఉండాది, నేను చెప్పలే" అంది కదిరమ్మ మొహం మీద మాట్లాడిన ఆ ముసలామె. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ ఎత్తుకోలేదు.

ఆ వారం నర్సు వచ్చేసరికి అరుగు ముందు మగవాళ్లు కూడా చొక్కా చేతులు మడుచుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లలో బయ్యన్న కూడా ఉన్నాడు. కాకపోతే చివరన కూర్చున్నాడు. కృపాకుమారి కదిరమ్మ వైపు తిరిగి, "ఏం చేసినావు పెద్దమ్మా ఈ ఊరిని?" అని అడిగింది. కదిరమ్మకు నూట ముప్పై ఆరు, ఎనభై రెండు ఉంది. మాత్ర మాత్రం అట్లాగే మింగమంది నర్సు.

అయితే ఆ జాడీల గొడవ తర్వాత కదిరమ్మకు ఒక సంగతి తెలిసొచ్చింది. కలిపేటప్పుడు రుచి చూడటం ఉత్త ఆచారం కాదు. ఆ నాలుకే ఉప్పు కొలిచేది. ఆ రోజు చిటికెడు పొడి నోట్లో వేసుకుని ఉంటే యశోదమ్మ గుట్టు అక్కడే బయటపడేది. ఇక నాలుకను అడిగే దారి లేదు. వేరే దారి చూసుకోవాలి.

చలికాలమంతా దాని గురించే ఆలోచించింది. గురప్పను పంపి రాప్తాడు సంతలో ఇత్తడి పడి ఒకటి తెప్పించుకుంది. ఉప్పు మెత్తగా దంచితే ఎంత, పలుకుగా ఉంటే ఎంత అని ఇంట్లోనే చిన్న మట్టి గురిగిలో పెట్టి చూసుకుంది. రుచి చూసే పని గురప్పది. ఆయనకు బీపీ లేదని నర్సు చేత ముందే చూపించింది.

ఏప్రిల్‌లో మొదటి పిలుపు యశోదమ్మదే. పోయినేడు పిలవని నాలుగిళ్లవాళ్లు కూడా ఆ వారమే కబురు పెట్టారు. కదిరమ్మ పోయేసరికి యశోదమ్మ మళ్లీ అన్నీ సిద్ధం చేసి ఉంచింది. ముక్కలు పరిచి ఉన్నాయి. ఉప్పు వేరుగా గంపలో ఉంది.

"నాలుగు పడులు సరిగ్గా పోసినా అక్కా. ఈసారి నిజంగా. మా ఆయన మీద ఒట్టు."

లోపల్నుంచి బయ్యన్న అరిచాడు. "నా మీదెందుకే ఒట్లు? నా కంచంలో ముక్క లేదు, ముద్ద లేదు, నా మీద ఒట్లొకటి తక్కువైందా!"

కదిరమ్మ నవ్వుతూ కూర్చుంది. గంపలోని ఉప్పంతా మళ్లీ గోతంలోకి ఒంపేసింది. యశోదమ్మ నోరు తెరుచుకుని చూస్తుంటే, సంచిలోంచి తన ఇత్తడి పడి తీసి, గోతంలో ముంచి, పైన అరచేత్తో సమంగా రాసి, ఒకటికి బదులు లాభమని మొదలుపెట్టి, గట్టిగా లెక్క చెప్తూ బేసిన్లోకి పోసింది.

"లాభం... రెండు..."